బంకులో పెట్రోలు లేదన్న నాడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయమునకు పంచాయతీ దస్త్రములలో ప్రత్యేకమైన పుట లేదు. వీధి దీపములు, మురుగు కాలువలు, త్రాగునీరు, ఇంటి పన్ను, వీనిని గురించి ఇట్టి తరగతులలో మీరు చాలినంత వినియున్నారు. కాని ఒకనాటి ఉదయమున రోడ్డు మీది పెట్రోలు బంకు ముందు "స్టాకు లేదు" అను అట్ట వ్రేలాడినచో, మధ్యాహ్నమునకు జనము వచ్చి నిలుచునది మీ ఇంటి అరుగు ముందే. పెట్రోలు పంచాయతీ పంచిపెట్టు వస్తువు కాదు గదా, మమ్ము అడిగిన ఏమి ప్రయోజనమని మీరు చెప్పవచ్చును. ఆ మాట నిజమే. అయినను ఆ రెండు మూడు దినములు ఊరిలో ఎవరి పని సాగును, ఎవరి పని ఆగును అనునది చాలవరకు మీరు పలుకు మాటను బట్టియే ఉండును. అందుచేత ఈ విషయమును ముందుగానే ఆలోచించుకొనుట మంచిది.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. 2024 జనవరి 2వ తేదీని మీలో పలువురు మరచియుండరు. అంతకు ముందు నెలలో పార్లమెంటు భారతీయ న్యాయ సంహితను ఆమోదించినది. నిర్లక్ష్యముగ బండి నడిపి ఒకరి మరణమునకు కారకుడై, పోలీసులకుగాని మేజిస్ట్రేటునకుగాని తెలుపక పారిపోయిన డ్రైవరునకు పది సంవత్సరముల వరకు జైలుశిక్షయు, జరిమానాయు విధింపవచ్చునని అందలి 106వ విభాగములోని రెండవ ఉపవిభాగము చెప్పినది. దీనిని నిరసించుచు అనేక రాష్ట్రములలో లారీ డ్రైవర్లు జనవరి 1వ తేదీ మొదలుకొని బండ్లు నిలిపివేసిరి. పెట్రోలు టాంకర్లు నడుపువారును వారితో కలిసిరి. మరునాడు హైదరాబాదులో బంకుల ముందు మోటారు సైకిళ్లు, కార్లు రోడ్డు పొడవునను బారులు తీరినవి. అనేక బంకులలో సరుకు అయిపోయినది. చంచల్‌గూడ ప్రాంతమున ఇండ్లకు భోజనము చేరవేయు యువకుడొకడు మోటారు సైకిలు విడిచి గుర్రమెక్కి పోయిన దృశ్యమును దేశమంతయు ఫోనులలో చూచి నవ్వుకొన్నది. చూచువారికి అది వినోదమే. ఆనాటి సంపాదనతో ఆ పూట బియ్యము కొనవలసిన ఆటో డ్రైవరునకు మాత్రము అందు వినోదమేమియు లేదు.

జనవరి 2వ తేదీ రాత్రికే కేంద్ర హోం కార్యదర్శి అజయ్ భల్లా అఖిల భారత మోటారు రవాణా కాంగ్రెసు ప్రతినిధులతో చర్చలు జరిపి, వారిని సంప్రదించిన పిమ్మటనే ఆ నిబంధనను అమలుపరచుటను గూర్చి నిర్ణయింతుమని ప్రకటించిరి. సమ్మె ముగిసినది. 2024 జూలై 1న సంహిత అమలులోనికి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపవిభాగమును ప్రక్కన ఉంచిరి. అనగా టాంకర్లు నిలిచినది సుమారు రెండు దినములు. రెండు దినములు బండి రానంత మాత్రమున బంకు ఎండిపోవునా? మామూలు అమ్మకము సాగియున్నచో చాల బంకులు ఎండిపోవలసిన పని లేదు. అయినను ఎండినవి. ఏలనో చూతము.

మన బంకునకు సరుకు ఏ దారిన వచ్చునో మొదట తెలియవలెను. విశాఖపట్టణములోని చమురు శుద్ధి కర్మాగారము 1957లో ప్రారంభమైనది. అది తరువాత ప్రభుత్వరంగ సంస్థయైన హిందూస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చినది. అచ్చటినుండి రాజమహేంద్రవరము, విజయవాడ, సూర్యాపేటల మీదుగ సికింద్రాబాదు వైపునకు సుమారు 570 కిలోమీటర్ల పొడవున భూమిలో గొట్టపు మార్గము కలదు. కొండపల్లి, చర్లపల్లి, ఘట్‌కేసరు వంటి చోట్ల కంపెనీల పెద్ద నిలువ కేంద్రములున్నవి. భూమిలోని గొట్టమునకు సమ్మె లేదు, ట్రాఫిక్కు లేదు. ఆ కేంద్రమునుండి మీ ఊరి బంకు వరకు గల చివరి ముప్పది, డెబ్బది, నూరు కిలోమీటర్లు మాత్రము టాంకరు లారీయే దిక్కు. ఒక టాంకరులో సామాన్యముగ 12 వేలో 20 వేలో లీటర్లు పట్టును. లోపల గదులుగ విభజింపబడి ఒక గదిలో పెట్రోలు, మరొక గదిలో డీజిలు తెచ్చుటయు కలదు. డీలరు ముందుగ సొమ్ము కట్టి ఇండెంటు పెట్టవలెను. పట్టణపు డీలరునకు దినమున కొక బండి వచ్చిన, పల్లె డీలరునకు వారమునకు ఒకటో రెండో వచ్చును. పెట్టుబడి తక్కువగనుండుటచే అతడు టాంకులను నింపియుంచడు. కావున త్రాడు ఎక్కడ సన్నగిలినదో అక్కడనే మన పల్లె ఉన్నది.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఇది ఏ ఊరి లెక్కయు కాదు. సులభముగ బోధపడుటకు మేము వేసినది. ఒక బంకును ఆశ్రయించి చుట్టుప్రక్కల ఊళ్లలో 3000 మోటారు సైకిళ్లు ఉన్నవనుకొనుడు. ఒక్కొక్కరు నాలుగు దినముల కొకసారి వచ్చి రెండేసి లీటర్లు పోయించుకొందురు. అనగా దినమునకు 750 బండ్లు, 1500 లీటర్లు. బంకు టాంకులో 9000 లీటర్లున్నచో ఆరు దినములకు సరిపోవును. ఇంతలో వాట్సాపులో ఒక మాట వచ్చును: రేపటినుండి పెట్రోలు దొరకదట. సాయంత్రములోపల 3000 బండ్లును కదలివచ్చును. ఈసారి రెండు లీటర్లు కాదు, టాంకు నిండ పోయుమందురు. ఒక్కొక్క బండి ఆరు లీటర్లు పట్టిన, మొదటి 1500 బండ్లతోనే 9000 లీటర్లును అయిపోవును. తక్కిన 1500 మందియు వట్టి బండ్లు త్రోసికొనుచు మరలిపోవలెను.

ఆ 9000 లీటర్లలో ఆ దినమున అదనముగ కాలిపోయినది దాదాపుగ ఏమియు లేదు. భూమిలోని ఒక పెద్ద టాంకునుండి ఊళ్లలోని 1500 చిన్న టాంకులలోనికి అది మారినది, అంతియే. వారములో సగము దినములు ఆ పెట్రోలు పెరటిలో చెట్టు క్రింద నిలిచియుండును. ఇక మరలిపోయిన 1500 మంది ఎవరు? అది గమనింపవలెను. ఫోనులో వార్త ఆలస్యముగ చేరినవారు. ప్రొద్దు క్రుంకు వరకు చేలో పని చేసినవారు. జేబులో నూరు రూపాయలు మాత్రమే గలవారు. నిండ పోయించుకొన్నవారిలో దురుద్దేశము గలవారు ఏ నలుగురో ఉందురు. మిగిలినవారు తమ పిల్లవానిని బడికి దింపవలెనని, తమ తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవలెనని తలచినవారే. ఒక్కొక్కరి ఆలోచన వేరుగ చూచిన తప్పుపట్టుటకు లేదు. అందరి ఆలోచనయు కలిసినప్పుడే బంకు ఎండినది. ఈ కారణముచే, బంకు ముందు నిలిచినవారిని స్వార్థపరులని మైకులో తిట్టిన ప్రయోజనము లేదని మా అభిప్రాయము. తిట్టు విన్నవాడు బారు విడిచిపోడు. ఇంకను ముందునకు జరుగును.

ఇది మనవారి చదువు తక్కువ వలన జరిగినదని అనుకొనువారు కలరు. 2021 సెప్టెంబరులో బ్రిటను దేశమునందును ఇట్లే జరిగినది. టాంకరు డ్రైవర్ల కొరతవలన కొన్ని బంకులు మూయవలసివచ్చునని ఒక వార్త పొక్కినది. చమురు కర్మాగారములలో సరుకునకు కొదువ లేదని ప్రభుత్వము చెప్పుచున్నను జనము బంకులపై పడిరి. వేల కొలది బంకులు వట్టిపోయినవి. తుదకు అక్టోబరు 4 నుండి సైనికుల చేత టాంకర్లు నడిపింపవలసివచ్చినది. భయమునకు ఇంగ్లీషు వచ్చిన తేడా లేదు, తెలుగు వచ్చిన తేడా లేదు.

అయితే ప్రతి కొరతయు వదంతి వలననే పుట్టునని మీరు భావింపరాదు. 2022 జూన్ నెలలో కొన్ని రాష్ట్రములలోని పల్లె బంకులకు నిజముగనే ఇబ్బంది కలిగినది. అంతర్జాతీయ ధర పెరిగి, ఇచ్చట అమ్ము ధర పెరుగకపోవుటచే ప్రయివేటు కంపెనీలు అమ్మకము తగ్గించినవి. టోకుగ కొనువారికి డీజిలు ధర ఎక్కువగ నుండుటచే వారును చిల్లర బంకులకే వచ్చిరి. భారమంతయు ప్రభుత్వ కంపెనీల బంకులపై పడినది. అప్పుడు కేంద్ర ప్రభుత్వము, మారుమూల బంకులతో సహా అన్నియు నిర్ణీత వేళలలో అమ్మకము సాగింపవలెనని ఉత్తరువు చేసినది. తుపానులప్పుడు సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన పిమ్మట విద్యుత్తు లేక, రోడ్లపై చెట్లు కూలి, బంకుల ముందు గంటల తరబడి జనము నిలువవలసివచ్చినది. చమురు కర్మాగారము గల నగరములోనే ఆ స్థితి. భూమిలో సరుకున్నను మోటారు తిరుగనిదే పైకి రాదు. మీ బంకులో జనరేటరు ఉన్నదో లేదో, అది పనిచేయుచున్నదో లేదో ఇప్పుడే అడిగి తెలిసికొనుడు.

కావున వార్త చెవిని పడగనే పంచాయతీ చేయవలసిన మొదటి పని ప్రకటన కాదు, విచారణ. సర్పంచుగాని కార్యదర్శిగాని బంకు డీలరును కలియవలెను; జనముతో కూడి కాదు, ఒంటరిగ పోవుట మేలు. మూడు విషయములు అడుగవలెను. నేటి ఉదయము కొలత కడ్డీ వేసి చూచినప్పుడు పెట్రోలు ఎంత, డీజిలు ఎంత? మామూలు అమ్మకమునకు అది ఎన్ని దినములు వచ్చును? ఇండెంటు పెట్టినారా, బండి బయలుదేరినదా? టాంకు అడుగున కొంత సరుకు మోటారునకు అందకుండ మిగులును. కాబట్టి కడ్డీ చూపినదంతయు అమ్మకమునకు వచ్చునని వాదింపరాదు. డీలరు దాచుచున్నాడను అనుమానము కలిగినచో మీరు తాళములు తీయింపబోకుడు. పెట్రోలు, డీజిలు నిత్యావసర వస్తువుల చట్టమునకు లోబడినవి. తనిఖీ చేయు అధికారము పౌర సరఫరాల శాఖవారికి కలదు. తహసీలుదారునకు ఫోను చేయుడు. అదే ఫోనులో ప్రక్క మండలముల సంగతియు అడుగుడు. కొరత మన బంకుదా, జిల్లా అంతటిదా అనునది తెలియనిదే తరువాతి అడుగు వేయుటకు వీలు లేదు.

ఆ తరువాతనే చాటింపు. టముకు వేయింతురో, పంచాయతీ మైకులో చెప్పింతురో, వాట్సాపులో పెట్టింతురో, మూటియందును ఒకే మాట ఉండవలెను. ఇచ్చట మేము కొంచెము గట్టిగ చెప్పదలచినాము. "ఎవరును భయపడవలదు, కొరత ఏమియు లేదు" అను ప్రకటన వలన మేలు జరుగుట అరుదు. భయపడవలదన్న మాట వినిన మరుక్షణముననే మనిషి భయపడుటకు కారణము వెదకును. పైగా కొరత నిజమైనదైన, మరునాటినుండి పంచాయతీ మైకును నమ్మువాడుండడు. వరద హెచ్చరికకును, టీకాలకును మనకు అదే మైకు గదా! అందుచే ఉన్నదున్నట్లు చెప్పుట ఒక్కటే త్రోవ. ఈ విధముగ చెప్పవచ్చును: "మన రోడ్డు బంకులోని సరుకు మామూలుగ వాడుకొన్నచో మూడు దినములు వచ్చును. టాంకరునకు ఇండెంటు పెట్టినారు. బండి వచ్చు వేళ ఇంకను తెలియలేదు. రేపు ఉదయము ఏడు గంటలకు మరల చెప్పెదము. అంతవరకు మోటారు సైకిలునకు రెండు లీటర్ల చొప్పున పోయుటకు డీలరు అంగీకరించినారు. ఆసుపత్రికి పోవలసినవారు వార్డు సభ్యునకు తెలిపిన ముందుగ పోయింతుము." లీటర్ల లెక్క చెప్పుటకంటె దినముల లెక్క చెప్పుట మంచిది. రెండు వేల లీటర్లనగా ఎక్కువయో తక్కువయో సామాన్యునకు తెలియదు. మూడు దినములన్న తెలియును. ఏడు గంటలకు చెప్పెదమన్నప్పుడు ఏడు గంటలకు తప్పక చెప్పవలెను. క్రొత్త సంగతి లేకున్నను, లేదనియే చెప్పవలెను. పంచాయతీ మౌనముగనున్న వేళలలోనే రచ్చబండ వార్తాపత్రికయగును.

రెండు లీటర్ల పరిమితి మాట వచ్చినది గనుక దాని అధికారమును గూర్చి చెప్పవలెను. 2024 జనవరి 2న చండీగఢ్ పరిపాలనాధికారులు ద్విచక్ర వాహనమునకు 2 లీటర్లు, నాలుగు చక్రముల బండికి 5 లీటర్లు మించి పోయరాదని ఉత్తరువు చేసిరి. అట్టి ఉత్తరువు చేయు అధికారము జిల్లా యంత్రాంగమునకు ఉన్నదికాని గ్రామ పంచాయతీకి లేదు. పంచాయతీ చేయగలది డీలరుతోను, పెద్దలతోను మాట్లాడి ఒప్పించుట. అవసరమైన తహసీలుదారునకు వినతి వ్రాయుట. బారులు రోడ్డుకు అడ్డముకాకుండ పోలీసు వారి సాయము కోరుట. కర్రలు పట్టి బంకు వద్ద కాపలా కాయుట మాత్రము కూడదు. పరిమితి వలన ప్రయోజనమేమందురా? పైన వేసిన లెక్కయే మరల చూడుడు. రెండేసి లీటర్ల చొప్పున పోసినచో 3000 బండ్లును ఒకే దినమున వచ్చినను 6000 లీటర్లే పోవును; ఇంకను 3000 లీటర్లు మిగులును. నూరు రూపాయల వాడును, నిండు టాంకు వాడును ఆ దినమునకు సమానులగుదురు.

ఎవరికి ముందు పోయవలెనను ప్రశ్న బంకు వద్ద, గుంపు మధ్య తేలునది కాదు. అది ముందే కాగితముపై ఉండవలెను. మీ గ్రామములో నెలలు నిండిన గర్భిణీ స్త్రీలెవరో ఆశా కార్యకర్తకు తెలియును. వారమునకు రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు పోవలసిన మూత్రపిండ వ్యాధిగ్రస్తులెవరో ఏ.ఎన్.ఎం.కు తెలియును. ఉద్దానము వంటి ప్రాంతములలో ఇట్టివారు ఒక్కొక్క ఊరిలో పలువురుందురు. ఒక్క దినము డయాలిసిస్ తప్పిన ప్రాణాపాయమే. రేపు పోవచ్చునులే అని చెప్పుటకు వీలు కాదు. వారిని తీసికొనిపోవు ఆటో ఏది, దాని డ్రైవరు ఎవరు అనునది వ్రాసియుంచవలెను. రక్షిత నీటి పథకపు జనరేటరు, పాల శీతలీకరణ కేంద్రము, త్రాగునీటి ట్రాక్టరు, ఇవియు ఆ కాగితములో చేరవలెను. పాలు ఒక పూట ఆగిన విరిగిపోవును. ఆ నష్టము రెండు గేదెలు గల ఇల్లాలిది. 108 బండికి వేరుగ ఏర్పాటుండునని ధైర్యముగనుండక, డ్రైవరును ఒక మాట అడిగి తెలిసికొనుట మంచిది. ఆ కాగితమును పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు. పెట్టెలోనున్న జాబితాలో పేర్లు మారును. గోడ మీది జాబితాలో మారవు.

ఇక ట్రాక్టరు సంగతి. అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. మోటారు సైకిలు ఆగిన మనిషి నడచి పోవచ్చును, బస్సెక్కవచ్చును. జనవరి మొదటి వారమనగా దాళ్వాకు, యాసంగికి దమ్ములు సాగు వేళ. కాలువలో నీరు వంతు ప్రకారము వచ్చును. నారుమడిలో నారు ముదురుచుండును. ముదిరిన నారు నాటిన పిలకలు తగ్గును. ఇనుప చక్రములు కట్టి దమ్ము చేయు ట్రాక్టరు గంటకు నాలుగైదు లీటర్ల డీజిలు త్రాగును. ఎద్దుల నాగళ్లు ఇప్పుడు ఊరికి నాలుగైనను లేవు. వెనుకటి త్రోవ మూసికొనిపోయినది. ఇట్టి సమయమున డీజిలు తగ్గినచో ఏమగును? ట్రాక్టరు గలవారు తమ పొలము ముందు ముగించుకొందురు. పిమ్మట బంధువుల పొలము. ఆపైన గంట బాడుగ పెంచి ఇతరులకు పోవుదురు. కౌలు రైతు వంతు వచ్చునప్పటికి నీటి వంతు దాటిపోవును. కౌలు మాత్రము ఎవరును తగ్గింపరు.

ఈ చిక్కును బంకు విప్పజాలదు, తహసీలుదారు విప్పజాలడు. ట్రాక్టరు యజమానులు ఏ పదిమందియో ఉందురు. వారిని పంచాయతీ కార్యాలయములో కూర్చుండబెట్టి మాట్లాడవలసినది మీరే. పొలముల వరుస భూస్వామి పలుకుబడిని బట్టి కాక, నీటి వంతు ఎవరిది ముందు ముగియునో, నారు వయస్సు ఎవరిది ఎక్కువయో దానిని బట్టి నిర్ణయింపుడు. నీటి వంతు సంగతి లష్కరు చెప్పును. నారు వయస్సును ప్రక్క రైతే చెప్పును, దానిని దాచుట కష్టము. గంట బాడుగ ఆ వారమునకు పెంపరాదని అచ్చటనే మాట తీసికొనుడు. డీజిలునకు యజమాని బారులో నిలిచిన కాలమునకు ఏదైన అదనముగ ఈయవలెనన్న అదియు అక్కడే తేల్చుడు. లేనిపోని ధర్మపన్నములు చెప్పి వారిని నష్టపెట్టిన మరునాడు ట్రాక్టరు చెడిపోయినదందురు. సభలో ట్రాక్టరు గల వార్డు సభ్యులుండకపోరు. వారి పొలము వరుసలో మొదట ఉన్నచో ఆ సమావేశమును ఇక చాలించి ఇంటికి పోవచ్చును. జనము లెక్కించునది ముందు ఆ ఒక్క విషయమునే.

పొలము పనికి డీజిలును క్యానులలో తీసికొనిపోక తప్పదు. ట్రాక్టరును రోడ్డు మీదికి తెచ్చుటకే రెండు లీటర్లు పోవును. అందుచే డీజిలు క్యానులకు ఒక వేళ, బండ్లకు మరొక వేళ ఏర్పరచుకొన్న తగవులుండవు. 1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము డీజిలు వంటి రెండవ తరగతి చమురును ఒక చోట 2500 లీటర్లకు మించకుండ, ఏ ఒక్క పాత్రయు 1000 లీటర్లు దాటకుండ లైసెన్సు లేక ఉంచుకొనవచ్చును. పెట్రోలు సంగతి అట్లు కాదు. స్వంతమునకైన మొత్తము 30 లీటర్లు దాటరాదు; గట్టి మూత గల లోహపు పాత్ర 25 లీటర్లు, గాజు పాత్ర ఒక లీటరు మించరాదు. అమ్మకమునకైనచో లైసెన్సు లేక ఒక్క లీటరైనను నిలువ చేయరాదు.

ఈ చివరి వాక్యము వినగానే మీలో కొందరు ఒకరి ముఖమొకరు చూచుకొనుట మేము గమనించితిమి. మన ఊళ్ల కిరాణా కొట్లలో, పంక్చరు దుకాణములలో నీళ్ల సీసాలలో పెట్రోలు పోసి అమ్ముట అందరికిని తెలిసినదే. బంకు పది కిలోమీటర్ల దూరమున్న ఊరిలో అది అక్కరకు వచ్చుచున్నదనియు ఒప్పుకొనవలెను. కాని కొరత వచ్చినప్పుడు ఆ కొట్టు మారిపోవును. బంకులో బారు తీరి క్యానులు నింపువారిలో ముందు నిలుచునది ఆ కొట్టు మనిషియే. సాయంత్రము రెట్టింపు ధరకు అమ్మునదియు అతడే. అతడు మీ బావమరిది కావచ్చును. ముందు రోజున పిలిచి మర్యాదగ చెప్పుట సులభము. ధర పెంచిన తరువాత పోలీసులను పిలుచుట కష్టము.

ధరకంటె ఘోరమైనది నిప్పు. పెట్రోలు ఎంత చలిలోనైనను ఆవిరియగుచునే ఉండును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక నేలనంటి ప్రాకును. గది మూలనున్న సీసా మూత వదులైన, ఆవిరి నేల వెంట పోయి వంటింటి పొయ్యిని చేరును. మంట అదే దారిన వెనుకకు వచ్చును. ఒంటి గది ఇండ్లలో పొయ్యి, దేవుని దీపము, పిల్లల పడక, పెట్రోలు క్యాను, నాలుగును పది అడుగుల లోపలనే ఉండును. కొరత దినములలో మన బాధ్యతయందు పెట్రోలు దొరకకపోవుట చిన్న భాగము. దొరికిన పెట్రోలు ఇంటిలో చేరుట పెద్ద భాగము. నీళ్ల సీసాలలో, పాల క్యానులలో పోయరాదని, ఉంచక తప్పని పక్షమున ఇంటి వెలుపల నీడను, పిల్లల కందకుండ ఉంచవలెనని వార్డు సభ్యులు ఇంటింటికి పోయి చెప్పవలెను. ఈ మాట మైకుకంటె అంగనవాడీ కార్యకర్త నోట ఇల్లాండ్రకు చేరుట మేలు. క్యానును బయట పెట్టించగలవారు వారే. అంటుకొన్నచో నీళ్లు చల్లరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను మోసికొనిపోవును. ఇసుకగాని మట్టిగాని కప్పవలెను, చిన్న మంటైన తడి గోనెసంచి వేయవలెను.

మరొక సంగతి యువకులకు చెప్పవలసినది. ఒక బండిలోని పెట్రోలును మరొక బండిలోనికి గొట్టము పెట్టి నోటితో పీల్చి తీయుట మన ఊళ్లలో పరిపాటి. అట్లు పీల్చినప్పుడు కొంచెము గొంతులోనికి పోయి, దగ్గుతో ఊపిరితిత్తులలో ప్రవేశించినచో కొద్ది గంటలలో ఆయాసము, జ్వరము వచ్చును. ప్రాణము పోయినను పోవును. మ్రింగినవానిచేత వాంతి చేయింపరాదు. ఉప్పునీరు, చింతపండు రసము పోయు పెద్దలుందురు, వారిని వారింపవలెను. వాంతిలో పెట్రోలు మరల ఊపిరితిత్తులలోనికే పోవును. తడిసిన బట్టలు విప్పి, చర్మమును సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

టాంకరు వచ్చిన దినమున బారు మరల పెరుగును, అది సహజము. మొదటి దినముననే పరిమితిని ఎత్తివేయక, రెండవ బండి వచ్చువరకు సాగించుటకు డీలరును ఒప్పింపుడు. పిమ్మట మూడు నాలుగు దినములు బంకు వెలవెలబోవును, ఏలనన అందరి టాంకులును నిండియుండును. అప్పుడు ఇండ్లలో మిగిలిన క్యానుల సంగతి చూడవలెను. నిలువయున్న పెట్రోలును బండ్లలో పోసివేయవలెను. మురుగు కాలువలోగాని, బావి దాపునగాని పారబోయరాదు. ఖాళీయైన డ్రమ్ములను నీళ్ల తొట్లుగ చేయింతుమని వెల్డింగు దుకాణమునకు పంపువారు కలరు. ఖాళీ డ్రమ్ములో సరుకు లేకున్నను ఆవిరి ఉండును. నిప్పు తగిలిన అది బాంబువలె పేలును. మీ ఊరిలో వెల్డింగు చేయువానిని పిలిచి, పెట్రోలు పోసిన పాత్రను ఎవరు తెచ్చినను ముట్టవలదని ఆనాడే చెప్పుడు.